నాన్నగారి రష్యన్ పదకోశం తెరుచుకోవడం లేదు: కంప్యూటర్‌లో రష్యన్ చదవడం, టైపు చేయడం ఎలా?

కృష్ణలంక పాఠకురాలు (శనివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, కృష్ణలంక. మా నాన్నగారు గుంటూరులో ఒక కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. నిరుడు కాలం చేశారు. చదువుకునే రోజుల్లో విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాలు చూసి మోజు పడి, ఎవరి దగ్గరా కూర్చోకుండా తనంతట తాను రష్యన్ నేర్చుకున్నారు. 1999 ప్రాంతంలో ఒక రష్యన్–తెలుగు పదకోశం మొదలుపెట్టి, కొంతకాలం కళాశాల ప్రయోగశాలలోని లినక్స్ కంప్యూటర్ మీద, మిగిలింది ఇంట్లో ఉన్న పాత డాస్ కంప్యూటర్ మీద టైపు చేసుకున్నారు. ఈమధ్య బీరువా సర్దుతుంటే ఆ సీడీ దొరికింది. అందులో మూడు ఫైళ్లు ఉన్నాయి.

తెలుగు అర్థాలను ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నారు. అవి చక్కగా కనిపిస్తున్నాయి. మొదటి పంక్తిలో "దీపపు గొడుగు" అని చదవగలుగుతున్నాను. దానికి ఎడమ పక్కన రష్యన్ మాట ఉండాల్సిన చోట మాత్రం ఇలా ఉంది: ఇంగ్లీషు పెద్ద ఎ మీద ఒక వాలు గీత, తర్వాత ఎ మీద టోపీ, మళ్లీ వాలు గీతతో ఎ, ఆ తర్వాత ఓ మీద రెండు చుక్కలు, చిన్న ఓ మీద అలలాంటి గీత, చివర పెద్ద ఓ మీద ఇంకో వాలు గీత. ఫైలు పొడవునా ఇదే తీరు.

నా దగ్గర ఉన్నది విండోస్ 11 ల్యాప్‌టాప్. రెండు నెలలుగా రష్యన్ అక్షరాలు దిద్దుతున్నాను. 33 అక్షరాలూ గుర్తుపట్టగలను, అంతకు మించి రాదు. ఈ ఫైళ్లు చదవాలి. నాన్నగారు ఆపిన చోటు నుంచి నేను పూర్తి చేయాలి కాబట్టి టైపు చేయడమూ నేర్చుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బ్రాడీపేట డీటీపీ (శనివారం, రాత్రి 9:48)

అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ ఫైళ్లను తెరిచిన చోట "సేవ్" నొక్కకండి. సీడీలోవి అలాగే ఉంచి, ఇంకో చోటికి నకలు తీసుకుని ఆ నకలు మీదే పని చేయండి. మీకు కనిపిస్తున్న గీతలూ టోపీలూ పాడైపోయిన అక్షరాలు కావు. లోపలి సమాచారం భద్రంగా ఉంది, కంప్యూటర్ దాన్ని తప్పు పట్టిక ప్రకారం చూపిస్తోంది.

ఇది నాకు రోజూ ఎదురయ్యే వ్యవహారమే. యూనికోడ్ కాని తెలుగు ఫాంటులో కూర్చిన శుభలేఖ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇలాంటి గందరగోళమే కనిపిస్తుంది. కంప్యూటర్ దాచుకునేది సంఖ్యల్ని. ఏ సంఖ్యకు ఏ అక్షరం బొమ్మ చూపాలన్నది పట్టిక చెప్తుంది. యూనికోడ్, అంటే అన్ని భాషలకూ కలిపి ఒకే పెద్ద పట్టిక, వచ్చాక తెలుగుకూ రష్యన్‌కూ వేర్వేరు గదులు ఏర్పడ్డాయి. అంతకు ముందు 128 నుంచి 255 వరకు ఉన్న ఆ కాస్త చోటునే చాలా భాషలవాళ్లు ఎవరి పట్టికతో వాళ్లు వాడుకున్నారు. నాన్నగారు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మన అదృష్టం. ఇంగ్లీషు అక్షరాలు 128 లోపే ఉంటాయి, ఈ పట్టికలన్నిటిలోనూ వాటి చోటు ఒకటే. అదే ఆయన పాత తెలుగు ఫాంటు వాడి ఉంటే, రష్యనూ తెలుగూ ఒకే సంఖ్యల మీద పడి విడదీయడం చాలా కష్టమయ్యేది.

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్ దించుకోండి. అందులో నకలు తెరిచి ఎన్‌కోడింగ్, క్యారెక్టర్ సెట్స్, సిరిలిక్ అన్న వరుసలో వెళ్లి విండోస్-1251 ఎంచుకోండి. విండోస్‌లో రష్యన్ పాత ఫైళ్లు ఎక్కువగా ఆ పట్టికలోనే ఉంటాయి.

కృష్ణలంక పాఠకురాలు (శనివారం, రాత్రి 10:30)

డీటీపీ గారూ, రష్యన్ అక్షరాలు వచ్చేశాయి! తెర మీద అవి ప్రత్యక్షం కాగానే చేతులు వణికాయి. కానీ చదివితే మాటగా పలకడం లేదు. మొదటి మాట "బె, వె, బె, త్సె, హ, తె". ఇందులో హ ఒక్కటే చిన్న అక్షరం, మిగిలినవన్నీ పెద్దవి. నిఘంటువులో ఇలాంటి మాట లేదు. కింది మాటలదీ ఇదే వరస, అన్నీ పెద్ద అక్షరాలే, మధ్యలో ఎక్కడో ఒకటి చిన్నది.

మంగళగిరి ఇంజినీరు (ఆదివారం, ఉదయం 6:20)

అమ్మా, విశాఖ ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో సోవియట్ నిపుణుల పక్కన పనిచేసి రష్యన్ నేర్చుకున్నవాణ్ణి. నక్షాల మీద ఆ భాష చదవక తప్పేది కాదు. మీరు రాసింది రష్యన్ మాట కాదు. అయితే మీ నాన్నగారి తెలుగు అర్థమే దారి చూపిస్తోంది. దీపపు గొడుగును రష్యన్‌లో "అబజూర్" అంటారు. ఆరు అక్షరాలు, మొదటిదీ మూడోదీ ఒకటే అక్షరం. మీకు కనిపిస్తున్న దాంట్లోనూ ఆరే అక్షరాలు, మొదటిదీ మూడోదీ ఒకటే. అంటే ఒక్కో అక్షరం స్థానంలో ఇంకో అక్షరం వచ్చి కూర్చుంది. రష్యన్ పట్టికలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయని మాత్రం తెలుసు. అది ఏ పట్టికో కుర్రవాళ్లు చెప్పాలి.

పటమట టెర్మినల్ (ఆదివారం, ఉదయం 8:05)

ఇంజినీరు గారు తాళంచెవి చేతికి ఇచ్చేశారు. అది కోయ్8-ఆర్ (KOI8-R) పట్టిక. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో అదే సిరిలిక్ జాబితాలో ఉంటుంది, విండోస్-1251 బదులు దాన్ని ఎంచుకోండి. కళాశాల లినక్స్ కంప్యూటర్ అనగానే నాకు అనుమానం వచ్చింది. ఆ రోజుల్లో యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలోనూ ఈమెయిళ్లలోనూ రష్యన్ అంటే ఎక్కువగా ఈ పట్టికే. 1993లో దీన్ని ఇంటర్నెట్ పత్రంగా నమోదు చేశారు.

గుర్తుపట్టే ఉపాయం ఒకటి చెప్తాను. కోయ్8లో పెద్ద అక్షరాలున్న చోట 1251లో చిన్నవి, చిన్నవి ఉన్న చోట పెద్దవి ఉంటాయి. అందుకే ఒకదాన్ని రెండోదిగా తెరిస్తే పెద్దా చిన్నా తారుమారవుతాయి. అలా కాకుండా ప్రతి రెండో అక్షరం "ఎర్" గానీ "ఎస్" గానీ అయి, మాట రెట్టింపు పొడవు కనిపిస్తే అది యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను ఫైలులో దాచే పద్ధతి) ఫైలు, 1251గా తెరుచుకుందని అర్థం. అక్షరాల మధ్య సున్నా చుట్టిన సి, సెక్షన్ గుర్తు (§) లాంటివి దూరితే పాత డాస్ పట్టిక 866 అయి ఉంటుంది. ఉత్త చదరపు గళ్లు వస్తే ఫాంటులో ఆ అక్షరాలు లేవని, ఫాంటు మారిస్తే సరిపోతుంది. అన్నిటికంటే చెడ్డవి ప్రశ్నార్థకాలు. ఒకసారి ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన ఫైలులో అసలు సంఖ్యలే పోతాయి, ఏ పట్టికా వెనక్కి తేలేదు.

కోయ్8 గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. అందులో అక్షరాలు రష్యన్ వరుసలో ఉండవు, ఇంగ్లీషు ధ్వనుల వరుసలో ఉంటాయి. అప్పటి మెయిలు మార్గాల్లో కొన్ని ప్రతి అక్షరానికీ ఎనిమిదో బిట్టును, అంటే దాని సంఖ్యలోంచి 128ని, కత్తిరించేవి. అలా కత్తిరించినా మిగిలింది ఇంగ్లీషు అక్షరాల్లో చదవగలిగేలా ఆ పట్టికను పేర్చారు. మీ మొదటి మాటకు ఎనిమిదో బిట్టు తీసేస్తే ఎ, బి, ఎ, వి, యు, ఆర్ అని మిగులుతుంది. ఒక్క "జ" దగ్గర వి తప్ప మిగిలినదంతా అబజూరే. ఎంత ముందుచూపు!

కృష్ణలంక పాఠకురాలు (ఆదివారం, ఉదయం 9:15)

వచ్చింది. అబజూర్. అమ్మను పిలిచి చూపించాను.

రెండో ఫైలూ అలాగే తెరుచుకుంది. ఒక సందేహం మాత్రం మిగిలింది. ఇప్పుడు అక్షరాలన్నీ చిన్నవిగా ఉన్నాయి, కానీ ప్రతి మాటలోనూ ఒక్కటి పెద్దది. అబజూర్‌లో "ఊ" ఒక్కటే పెద్ద అక్షరం. ఇంకా ఏదైనా పట్టిక తేడా ఉందా?

మంగళగిరి ఇంజినీరు (ఆదివారం, ఉదయం 9:40)

తేడా లేదమ్మా. అది మీ నాన్నగారు కావాలని పెట్టిన గుర్తు. రష్యన్ మాటలో ఏ అచ్చును ఒత్తి పలకాలో రాతను బట్టి తెలియదు, మాట మాటకూ నేర్చుకోవాలి. తెలుగువాళ్లకు ఇదే పెద్ద చిక్కు, మనకు ఆ అలవాటు లేదు. ఒకే అక్షరాలతో రాసే మాటను "జామక్" అని మొదట ఒత్తితే కోట, "జమోక్" అని చివర ఒత్తితే తాళం. ఒత్తు లేని చోట "ఒ" కూడా "అ" లాగా పలుకుతుంది, "జామక్" చివర అదే వినిపిస్తోంది చూడండి. పాఠ్యపుస్తకాల్లో ఒత్తున్న అచ్చు మీద చిన్న వాలు గీత వేస్తారు. ఆ కంప్యూటర్‌లో గీత వేసే వీలు లేక, మీ నాన్నగారు ఆ అచ్చును పెద్ద అక్షరంగా టైపు చేశారు. ప్రతి మాటకూ అలా చేశారంటే ప్రతి మాటకూ నిఘంటువు తిరగేశారన్న మాట. దయచేసి దాన్ని "సరిదిద్ది" చెరిపేయకండి.

అరండల్‌పేట అమ్మ (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అమ్మాయి వైద్య విద్యకు రష్యా వెళ్తోంది. పాఠాలు ఇంగ్లీషులోనే అన్నారు, కానీ ఆసుపత్రిలో రోగులు మాట్లాడేది రష్యనే కదా. బయలుదేరే లోపు ల్యాప్‌టాప్‌లోనూ ఫోనులోనూ రష్యన్ టైపింగ్ పెట్టించాలి. బయట ఒక దుకాణంలో అడిగితే రష్యన్ విండోస్ కొత్తగా ఎక్కించాలి, ఖర్చవుతుంది అన్నారు. నిజమేనా?

బ్రాడీపేట డీటీపీ (ఆదివారం, మధ్యాహ్నం 1:05)

అక్కర్లేదండి, రూపాయి ఖర్చు లేదు. పాఠకురాలు గారికీ ఇదే జవాబు. చదవడానికైతే అసలు ఏమీ చేయనవసరం లేదు, విండోస్‌తో వచ్చే ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ ఫాంట్లలో రష్యన్ అక్షరాలు ముందే ఉన్నాయి. టైపు చేయడానికి సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్ అండ్ రీజియన్, అక్కడ యాడ్ ఎ లాంగ్వేజ్ నొక్కి రష్యన్ ఎంచుకోండి. తర్వాతి తెరలో విండోస్ ప్రదర్శన భాషగా పెట్టమంటారా అన్న గడి ఉంటుంది. దానిలో టిక్ ఉంటే తీసేయండి. లేకపోతే మెనూలన్నీ రష్యన్‌లోకి మారి వెనక్కి రావడానికి దారి వెతుక్కోవాలి. మా దుకాణానికి ఇలా వచ్చినవాళ్లు ఉన్నారు.

ఆ తర్వాత విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు, తెలుగు, రష్యన్ ఒకదాని తర్వాత ఒకటి మారుతాయి. ఫోనులో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) అయితే దాని సెట్టింగ్స్‌లో భాషలకు వెళ్లి రష్యన్ చేర్చుకోండి, అంతే.

రష్యన్ మీటల వరుస కష్టం అనిపిస్తే భాష ఎంపికల్లో రష్యన్ మ్నెమోనిక్ అన్న ఇంకో కీబోర్డు ఉంది. ఇంగ్లీషు ధ్వనులతో కొట్టవచ్చు. ఎస్, హెచ్ కలిపితే "ష" వస్తుంది. మనం తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొడుతున్నట్టే.

మంగళగిరి ఇంజినీరు (ఆదివారం, మధ్యాహ్నం 2:20)

డీటీపీ గారి చివరి సలహాతో నేను ఏకీభవించలేను. అమ్మాయి ఆరేళ్లు అక్కడ ఉండబోతోంది. అక్కడి గ్రంథాలయంలో, ఆసుపత్రిలో, స్నేహితురాలి గదిలో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ఉండేది రష్యన్ మీటల వరుసే. పై వరుసలో మొదటి ఆరు అక్షరాలతోనే దాన్ని "య్‌త్సుకెన్" అని పిలుస్తారు. ఇంగ్లీషు ధ్వనులతో అలవాటు పడిన వేళ్లు అక్కడ తడబడతాయి.

పైగా అది కనిపించినంత కష్టం కాదు. ఎక్కువగా వచ్చే అక్షరాలను బలమైన వేళ్ల కిందే పెట్టారు. కీబోర్డు మీద ఎఫ్, జె మీటలకు చేతికి తగిలే చిన్న గీతలు ఉంటాయి కదా, ఎఫ్ దగ్గర "అ", జె దగ్గర "ఒ" ఉంటాయి. ఎడమ చేతి నాలుగు వేళ్ల కింద "ఫ, ఇ, వ, అ", కుడి చేతి కింద "ఒ, ల, ద, జ". ఈ ఎనిమిదీ రోజుకు పావుగంట కొట్టండి. మీటల మీద స్టిక్కర్లు అంటించకండి, కళ్లు కిందికే పోతాయి. విండోస్, కంట్రోల్, ఓ మీటలు కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. భాష మార్చగానే అందులో అక్షరాలూ మారతాయి. మొదటి వారం అది చాలు.

ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చుక్క కుడివైపు కింద, ఇంగ్లీషులో వాలు గీత ఉండే మీట దగ్గర ఉంటుంది. షిఫ్టుతో అదే మీట కామా. షిఫ్టు, 7 కలిపితే ప్రశ్నార్థకం. "యో" అక్షరం ఎడమ పక్క పైమూల, ఒకటి అంకెకు ముందు మీట మీద దాక్కుంటుంది. చాలామంది రష్యన్లే దాని మీది రెండు చుక్కలు వదిలేసి "యె" అని రాస్తారు. నేర్చుకునేవాళ్లు మాత్రం వదలకూడదు. "వ్స్యే" అంటే అందరూ, "వ్స్యో" అంటే అంతా. ఈమెయిలు చిరునామాలో వచ్చే ఎట్ గుర్తు ఈ వరుసలో లేనే లేదు, దానికి ఇంగ్లీషుకు మారాల్సిందే.

బ్రాడీపేట డీటీపీ (ఆదివారం, మధ్యాహ్నం 2:45)

అమ్మాయి విషయంలో పెద్దవారి మాటే సరైనది, ఒప్పుకుంటున్నాను. కొద్ది మాటలతో పని గడిచేవాళ్లకు మ్నెమోనిక్ చాలన్నది నా అనుభవం. పెళ్లి పత్రిక మీద ఒక్క పంక్తి రష్యన్ కావాలని వచ్చేవాళ్లకు నేను అదే వాడతాను.

అరండల్‌పేట అమ్మ (ఆదివారం, సాయంత్రం 7:10)

అమ్మాయి పెట్టుకుంది. టిక్ తీసేసింది. ఫోనులో కూడా వచ్చింది. తన పేరు తనే రష్యన్‌లో కొట్టి నాకు పంపింది. మీ అందరికీ వేల నమస్కారాలు.

పటమట టెర్మినల్ (సోమవారం, రాత్రి 8:30)

లినక్స్ వాడేవాళ్ల కోసం ఒక ముక్క: ఉబుంటులో సెట్టింగ్స్, కీబోర్డ్, ఇన్‌పుట్ సోర్సెస్ దగ్గర కూడిక గుర్తు నొక్కి రష్యన్ చేర్చండి. మ్యాక్‌లో అయితే "రష్యన్ – పీసీ" ఎంచుకోండి, మామూలు "రష్యన్" వరుసలో కామా, చుక్క వేరే చోట ఉంటాయి.

కృష్ణలంక పాఠకురాలు (గురువారం, రాత్రి 9:00)

నాలుగు రోజులుగా ఆ ఎనిమిది అక్షరాలూ కొడుతున్నాను. నాన్నగారి రెండు ఫైళ్లనూ యూటీఎఫ్-8గా మార్చి ఎక్సెల్ పట్టికలో పెట్టాను. ఇంతలో ఒక వింత జరిగింది. అక్షర క్రమంలో పేర్చమంటే అన్ని మాటలూ వరుసలో వచ్చాయి. నేను కొత్తగా చేర్చిన "అసా" అన్న మాట, కందిరీగ అని అర్థం, రాయడానికి "ఒ"తో మొదలవుతుంది, అది మాత్రం "ఒ" వర్గంలో లేదు. అన్నిటికంటే పైన, అబజూర్ కంటే ముందు కూర్చుంది. వెతికినా దొరకడం లేదు. కళ్లకు మాత్రం ఏ తేడా లేదు.

పటమట టెర్మినల్ (గురువారం, రాత్రి 9:25)

ఆ మాట కొట్టేటప్పుడు కీబోర్డు ఇంగ్లీషులో ఉండగా, చూపుకు అలాంటి అక్షరాలున్న మీటలే నొక్కినట్టున్నారు. కందిరీగలో ఉన్న మూడు అక్షరాలకూ ఇంగ్లీషులో అచ్చం అలాంటివే ఉన్నాయి: ఓ, సి, ఎ. చూపుకు ఒకటే, సంఖ్యలు వేరు. మాటను వర్డ్‌లోకి తెచ్చి, మొదటి అక్షరం తర్వాత కర్సరు పెట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కండి. 006F అని వస్తే ఇంగ్లీషు ఓ, 043E అని వస్తే రష్యన్ ఒ. రష్యన్‌కు మారి మాట మొత్తం తిరిగి కొట్టండి.

పట్టికను సీఎస్‌వీగా (గడులను కామాలతో విడదీసిన సాదా పాఠంగా) దాచాల్సి వస్తే "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్నదే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే రష్యనూ, తెలుగు లిపిలో రాసిందీ రెండూ ప్రశ్నార్థకాలైపోతాయి. నేను మొదటి రోజు భయపడింది దానికే.

బ్రాడీపేట డీటీపీ (గురువారం, రాత్రి 10:00)

ఒత్తు గుర్తుకు పెద్ద అక్షరం బదులు నిజమైన వాలు గీత కావాలంటే వర్డ్‌లో ఆ అచ్చు తర్వాత 0301 కొట్టి, కీబోర్డును ఇంగ్లీషుకు మార్చి ఆల్ట్, ఎక్స్ నొక్కండి. గీత అచ్చు మీదికి ఎక్కుతుంది. అయితే గీత ఉన్న మాటను గీత లేకుండా వెతికితే దొరకకపోవచ్చు. నా సలహా: ఒక నిలువు వరుసలో గుర్తు లేని మాట, పక్క వరుసలో ఒత్తు గుర్తున్న మాట పెట్టండి. నాన్నగారి మూల ఫైళ్లు అలాగే ఉండనివ్వండి.

రేపు అచ్చు వేయించే ఆలోచన ఉంటే ఇంకో జాగ్రత్త. రష్యన్‌లో వాలు అక్షరాలు నిలువు అక్షరాలకు కాస్త వంపు పెట్టినవి కావు, కొన్నిటి రూపమే వేరు. చిన్న "త" వాలుగా రాస్తే ఇంగ్లీషు ఎమ్ లాగా, "ఇ" యు లాగా, "ప" ఎన్ లాగా కనిపిస్తాయి. ఒకసారి నేను ఫాంటు పాడైందనుకుని పేజీ మొత్తం మార్చేశాను. ప్రూఫు చూసినాయన చెప్తే తెలిసింది.

కృష్ణలంక పాఠకురాలు (ఆదివారం, సాయంత్రం 6:40)

మూడో ఫైలు ఇంట్లోని డాస్ కంప్యూటర్‌ది. టెర్మినల్ గారు చెప్పినట్టే సున్నా చుట్టిన సి, సెక్షన్ గుర్తులు కనిపించాయి. సిరిలిక్ జాబితాలో ఓఈఎం 866 ఎంచుకోగానే మొదటిసారికే తెరుచుకుంది. ఇందులో కూడా ఒత్తు అక్షరాలన్నీ పెద్దవిగానే పెట్టారు.

ఫైలు "ప" వర్గం మధ్యలో ఆగింది. చివరి మాట "పలత్యెంత్సె", తువాలు. ఈ రోజు మధ్యాహ్నం దాని కింద నా మొదటి మాట చేర్చాను: "పలత్నో". ఒత్తు చివరి ఒ మీద పెట్టాను. అర్థం "నార గుడ్డ" అని రాశాను. ఇంజినీరు గారూ, ఒకసారి చూస్తారా?

మంగళగిరి ఇంజినీరు (ఆదివారం, రాత్రి 7:15)

ఒత్తు సరిగ్గా పెట్టారమ్మా. నార గుడ్డ సరే. చిత్రకారుడు బొమ్మ గీసే గుడ్డకూ, ఆ గుడ్డ మీది చిత్రానికీ అదే మాట. ఇంకో అర్థం కూడా ఉంది, నక్షాల్లో నేను ఎన్నోసార్లు చూసింది: రైలు పట్టాల కింద వేసే కట్ట. మూడూ చేర్చండి. తర్వాతి మాట ఎప్పుడు పెడతారు?